కొండనీరు, కుళాయినీరు



పట్టణవాసము సుఖమని పల్లెలోని వారును, నరకమని పట్టణములోని వారును చెప్పుకొనుట లోకమున వాడుకయే. విశాఖపట్టణము వంటి మహానగరమున సంసారము నడుపు గృహిణులకు ఈ రెండవ మాట యెంత నిజమో వేరుగ జెప్ప నక్కరలేదు. తెల్లవారకమునుపే కుళాయి చప్పుడు వినబడునో లేదో యని చెవియొగ్గి పండుకొనవలెను. నీరు వచ్చు వేళ దప్పినచో ఆనాటి వంట, స్నానములు, బట్టలుతుకుట యన్నియు తలక్రిందులగును. లిఫ్టు చెడిన దినమున కూరగాయల సంచితో నాలుగంతస్తులు ఎక్కవలెను. బిడ్డలను బడికి గొనిపోవు ఆటో వేళకు రాదు. వచ్చినను వీధిచివర దాటుటకే పావుగంట పట్టును. కిటికీ తెరచిన ధూళి, మూసిన ఉక్క. ఎదురింటి తలుపునకును మన తలుపునకును నడుమ నాలుగడుగులే యైనను, లోపల నున్న యిల్లాలి పేరు ఐదేండ్లకును దెలియదు.

2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ నగరమున పదునేడు లక్షలకు పైబడిన జనము తేలిరి. ఇందరొక్కచోట మెలగునపుడు ఒకరి తొందర మరొకరికి అడ్డగుట సహజము. ఈ విసుగునకు విశాఖవాసు లెరిగిన మందొక్కటే గలదు. సెలవు దినము వచ్చినదన్న అరకులోయకు బోవుట! మా అత్తగారు, మావారు, పిల్లలిద్దరు, నేను మార్గశిరమాసమున ఆ మందు సేవింప బోయితిమి. అక్కడ చూచినదియు తలచినదియు మీతో జెప్పుకొనవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

అరకునకు రోడ్డుమార్గమున సుమారు నూటపదునైదు కిలోమీటర్లు. కాని కొత్తవలస మీదుగా కిరండూలు బోవు రైలే మనోహరము. శృంగవరపుకోట దాటినది మొదలు బండి కొండలను పట్టుకొని ప్రాకును. బొడ్డవర, శివలింగపురము, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగూడ — ఒక్కొక్క స్టేషను దాటినకొలది చలి హెచ్చును, లోయ లోతగును. శిమిలిగూడ సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. ఈ మార్గమున ఏబదికి మించిన సొరంగములు గలవు. 2017వ సంవత్సరమున పైకప్పునకుగూడ అద్దములు గల పెట్టెయొకటి ఈ రైలునకు జేర్చినది మొదలు ప్రయాణికుల సందడి మరింత పెరిగినది.

సొరంగము వచ్చినప్పుడెల్ల పెట్టెలోని వారందరు ఒక్కపెట్టున కేకలు వేయుట యిచ్చటి యాచారము. మా పిల్లలును వేసిరి. "పట్నంలో హారన్లు చాలవని ఇక్కడ నోళ్ళతో మోగిస్తున్నారా!" అని మా అత్తగారు నవ్విరి. నవ్వులాటకన్న మాటయే గాని, అందు సత్యము గలదు. విసుగును వదలి వచ్చితి మనుకొంటిమి. దానిని సామానుతోపాటు మోసికొనియే వచ్చితిమి. కిటికీప్రక్క చోటునకై తగవు, చరవాణిలో గట్టిగా పాటలు, తిన్న పొట్లములు కిటికీలోనుండి లోయలోనికి విసరుట — ఇవియన్నియు మన వీధిలోనివే.

నడుమ నొక స్టేషనులో మా బండి చాలసేపు నిలిచెను. ప్రక్కపట్టాలమీద ఇనుపరాతితో నిండిన గూడ్సుబండి, లెక్కకందని పెట్టెలతో, క్రిందికి బోవుచుండెను. అప్పుడు మావారు పిల్లలకు జెప్పిరి: "ఈ రైలుదారి మన విహారంకోసం వేసింది కాదు. బైలడిల్లా కొండల్లో ఇనుపరాయిని విశాఖ రేవుకు దింపి జపానుకు పంపడానికి 1960 తరువాతి యేండ్లలో వేశారు. మనం ఆ రాతిబండికి దారి ఇచ్చి వెళ్ళవలసిన వాళ్ళమే." ఆ మాట నా మనసున నాటుకొనెను. కొండమీదినుండి క్రిందికి దిగునదేమి? క్రిందినుండి పైకెక్కునదేమి? ఈ ప్రశ్న యానాడంతయు నన్ను విడువలేదు.

బొర్రా గుహలు మీలో పెక్కురు చూచియుందురు. సున్నపురాయిని వేలకొలది యేండ్లు నీరు తొలిచి కట్టిన మంటపము లవి. చుక్క చుక్కగా జారిన సున్నపునీరే పైనుండి ఊడలవలె, క్రిందినుండి పుట్టలవలె గట్టిపడి నిలిచినది. లోనున్న శివలింగమును గూర్చి స్థానికులు చెప్పు కథ యొకటి గలదు. మేయుచున్న ఆవొకటి కొండపై రంధ్రమున బడెననియు, దానిని వెదకుచు బోయిన కాపరి గుహను, లింగమును గనెననియు చెప్పుదురు. ఆ ఆవు పొదుగునుండి పుట్టినది గనుక గోస్తని యను పేరు వచ్చెనని నమ్మిక.

కథ యెట్లున్నను, గోస్తనీనది యీ అనంతగిరి కొండలలో బుట్టి, గుహల మీదుగా సాగి, మైదానమున తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలియుట ప్రత్యక్షము. తాటిపూడి నీరు విశాఖపట్టణమునకు వచ్చును. తూర్పుకనుమలలోనే పుట్టిన శారదానది నీరును రైవాడ జలాశయమునుండి మన నగరమునకు జేరుచున్నది. ప్రతిదినము తెల్లవారుజామున మనము చెవియొగ్గి విను కుళాయిచప్పుడునకు మొదలు ఈ కొండలలో నున్నదన్నమాట. ఇన్నేండ్లుగా కుళాయి రాలేదని కోపపడుచుంటిమేగాని, వచ్చిన నీరెక్కడిదని మనలో నెందరడిగిరి?

దీపముమాటయు నట్టిదే. ఈ కొండల వెనుక మాచ్‌ఖండ్ నదిపై జోలాపుట్ ఆనకట్ట కట్టి, 1955వ సంవత్సరమున విద్యుదుత్పత్తి మొదలిడిరి. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రములు దానిని పంచుకొనుచున్నవి. ఆ జలాశయము క్రింద మునిగిన పొలములలో, ఇండ్లలో పెక్కు గిరిజనులవి. కొండలమీదుగా విద్యుత్తు తీగలు మైదానమునకు సాగిపోయిన తరువాతను, ఆ తీగల నీడనున్న గూడెములనేకము చాలకాలము చీకటిలోనే యుండెను.

అరకు జేరునప్పటికి మధ్యాహ్నమయ్యెను. లోయయంతయు వలిసెపూలతో పసుపు పరచినట్లుండెను. ఆ సొగసు వర్ణింప నాకు చేతకాదు. ఆ పూలు చూచుటకు వచ్చిన జనమును మాత్రము వర్ణింపగలను. కార్లు బారులు తీరియుండెను. హారను మ్రోత మన జగదాంబ కూడలిని తలపించెను. చేనిలోనికి దిగి ఛాయాచిత్రము దీయించుకొనుటకు ఒకరినొకరు త్రోసికొనుచుండిరి. నలిగిన మొక్క నూనెగింజల పంటయనియు, ఒక కుటుంబపు జీవనాధారమనియు తలచినవారు తక్కువ. గట్టుమీద నీళ్ళసీసాలు, కాగితపు పళ్ళెములు. రెండవ ప్రపంచయుద్ధకాలమున సైనికులకు కూరగాయలు పండించుటకై వేసిన పద్మాపురపు తోట ఇప్పుడు విహారస్థలము. అచ్చటను ఇదే సందడి.

సంతలో మాత్రము వేరొక లోకము కనబడెను. భగత, వాల్మీకి, కొండదొర, కోటియ, గదబ, పోర్జ మొదలగు తెగలవారు చుట్టుప్రక్కల గూడెములనుండి దిగివచ్చిరి. బుట్టలలో అల్లము, పసుపు, రాజ్మా, పిప్పళ్ళు, చింతపండు, కొండచీపుళ్ళు, అడ్డాకులు. అమ్మువారిలో ఎక్కువమంది స్త్రీలే. మా అత్తగారు పసుపుకొమ్ములు బేరమాడుచు, నగరమందు అద్దాల దుకాణములో అచ్చువేసిన ధరను మారుమాట లేక చెల్లించు చేతితోనే, ఇచ్చట సగమునకు దించజూచిరి. ఆ యమ్మి ఆమె వైపు నెమ్మదిగా జూచి యిట్లనెను: "సగానికెలా ఇచ్చేదమ్మా? కొమ్ములు ఉడకబెట్టడానికి ఊటకాడ నించి నీళ్ళు నెత్తిన మోసినాము గదా!"

నీళ్ళన్న మాట వినగానే నేనును కూర్చుంటిని. పసుపును త్రవ్వి, కడిగి, ఉడికించి, ఎండబెట్టి, మెరుగుపెట్టినగాని మన పోపులపెట్టెలోనికి రాదు. ఆ యుడుకునకు కావలసిన నీరంతయు ఆమె కొండదిగి, కొండయెక్కి తెచ్చినదే. "మాకూ నీళ్ళ కరువేనమ్మా, రోజు విడిచి రోజు వస్తాయి," అని మా అత్తగారనిరి. "ఇంటిలోకే వస్తాయామ్మా?" అని యామె యాశ్చర్యముతో నడిగెను. అందు ఎత్తిపొడుపు లేదు. తెలిసికొనవలెనన్న కోరిక మాత్రమే. మా అత్తగారు చెప్పిన ధరకే పసుపు దీసికొనిరి.

మాటలలో ఆమె గూడెము సంగతి దెలిసెను. రోడ్డునకు దూరముగా, కొండవెనుక. "కిందటి వానాకాలం నా కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టినారమ్మా. గెడ్డ పొంగింది. అది తగ్గేదాకా ఒడ్డునే కూకున్నాము. దేవుడి దయ, బిడ్డ దక్కినాడు." ఇంతియే చెప్పి, వేరొకరికి అల్లము తూచుచుండెను.

డోలీయన నేమో పట్టణపు చెల్లెండ్రకు చెప్పవలసియున్నది. పొడుగాటి కఱ్ఱకు దుప్పటినో, తట్టనో వ్రేలాడగట్టి, అందు రోగినిగాని గర్భవతినిగాని కూర్చుండబెట్టి, ఇరువురు భుజములపై మోసికొని రోడ్డు తగులువరకు నడచుట. కొండదారులలో నడచు చిన్న అంబులెన్సులను బెట్టిరి. ప్రసవకాలము సమీపించినవారిని ముందుగనే దెచ్చి యుంచు వసతిగృహములు కొన్నిచోట్ల నడుపుచున్నారు. ఐనను ఈ డోలీమోత యింకను తీరలేదు. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో ఈ ప్రాంతమును పాడేరు కేంద్రముగా వేరొక జిల్లా జేసి అల్లూరి సీతారామరాజు పేరు పెట్టిరి. ఆ మహావీరుడు 1922లో తిరుగబడుటకు గల కారణములలో, అత్యల్పపు కూలికి గిరిజనులచే బలవంతముగా రోడ్లు వేయించుట యొకటి. నూరేండ్ల క్రిందట ఎవరిచేత రోడ్లు వేయించిరో వారి మనుమరాండ్రలో కొందరికి ఆసుపత్రికి బోవ నేటికిని రోడ్డు లేదు! చరిత్రలో ఇట్టి విపరీతము లుండును.

ఐతే కొండవారు నోరులేనివారని తలపరాదు. బొర్రా ప్రాంతపు గిరిజనగ్రామములలో గనుల త్రవ్వకమునకు ప్రైవేటు సంస్థల కిచ్చిన కౌలును ఎదిరించి సమతయను సంస్థ న్యాయస్థానమున కెక్కగా, షెడ్యూలు ప్రాంతపు ప్రభుత్వభూములను గిరిజనేతరులకు గనులకై కౌలు కీయరాదని 1997లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. వెండి ఓకు చెట్ల నీడలో, మిరియపు తీగల సరసన వారు పెంచు కాఫీకి 2019లో అరకు అరబికా యను భౌగోళిక గుర్తింపు లభించెను. కాఫీపండ్లు కోయు చేతులలో పెక్కు స్త్రీల చేతులే. మన తెల్లవారుజాము కాఫీలో నీరు కొండది. పొడియు కొండది కావచ్చును!

ఇంతమాత్రమున పట్టణపు ఇల్లాలి విసుగు వట్టిదని నే ననుట లేదు. రాని కుళాయి రానిదే. చెడిన లిఫ్టు చెడినదే. ఇతరుల కంతకన్న కష్టమున్నది గనుక మన కష్టము నోరెత్తరాదనుట న్యాయము గాదు. కొండలు స్వర్గము, పట్టణము నరకము అనుటయు సరిగాదు; చల్లగాలి చూచి మురిసిపోవు మనము ఆ చలిలో నీటికడవ మోయువారము గాము. కాని యొక భేదము గలదు. మన కుళాయి రెండు దినములు రాకున్న పత్రికలో వ్రాయుదురు, అధికారులకు ఫోనుచేయుదురు, వీధివారు గుమిగూడుదురు. మన విసుగునకు వినువారున్నారు. ఆ గెడ్డయొడ్డున కూర్చున్న యత్తాకోడండ్ర యెదురుచూపునకు వినువారెవరు? ఒకే కొండనీరు పైన గెడ్డయై వారిదారి నాపినది. క్రింద కుళాయియై మనదారి జూచినది.

కావున కొండలకు బోవలదని నే జెప్పను. పొండు, బిడ్డలకు ఆ లోయ చూపుడు, థింసా నాట్యము చూడుడు. కాని విసుగును ఇంటనే యుంచి పొండు. చేనిలో దిగుటకు మునుపు చేనివారి ననుమతి యడుగుడు. స్త్రీల ఛాయాచిత్రము దీయుటకు మునుపు వారి నడుగుడు. తీసికొనిపోయిన సీసాలను, సంచులను తిరిగి తెచ్చుకొనుడు. అనంతగిరి కొండలలో పారవేసినది వానకు గెడ్డలో బడి, గోస్తనిలో గలిసి, మన జలాశయమునకే వచ్చునని బిడ్డలకు జెప్పుడు. సంతలో పసుపునకు, చీపురునకు బేరమాడునపుడు అందులో మోసిన నీటి బరువు నొకసారి తలచుడు. పట్టణమున నీటికై, రోడ్డునకై అర్జీ వ్రాయునపుడు, ఆ నీరు పుట్టిన గూడెమునకును ఒక రోడ్డు వేయుడని యొక వాక్యము చేర్చుడు. ఆ వాక్యము వ్రాయుటకు పట్టునది యొక్క నిమిషము; లిఫ్టుకొరకు మనము వేచియుండు కాలముకంటె నెక్కువ గాదు.

మా యింట నిప్పుడు కుళాయి కట్టి మూయుట మా అత్తగారి పని. పిల్లలు పండ్లుతోముకొనుచు నీరు వదలిపెట్టినచో, "ఊటకాడ నించి మోసినావట్రా?" అని యడుగుచున్నారు.