కృత్తికలు ఎన్ని?

హవాయి ద్వీపాలలో పెద్దదానిమీద మౌనా కియా అనే పర్వతం ఉంది. అక్కడి భాషలో మౌనా అంటే కొండ, కియా అంటే తెల్లనిది. ధవళగిరి అన్నమాట. మన ‘మౌనా’నికీ దానికీ చుట్టరికం లేదు గాని, పైకి వెళ్ళినవాడికి ఉందేమో అనిపిస్తుంది. 2023 నవంబరులో, దీపావళి వెళ్ళిన మూడవనాడు, మా అమ్మాయీ అల్లుడూ నన్ను అక్కడికి తీసుకువెళ్ళారు. ఉద్యోగ విరమణ తరువాత ఛాయాచిత్రాల పిచ్చి పట్టుకున్న నాకు అది వాళ్ళిచ్చిన కానుక. నా మనస్సులో ఉన్న పని వేరు. దాన్ని వాళ్ళకు చెప్పలేదు.

మౌనా కియా నిద్రిస్తున్న అగ్నిపర్వతం. చివరిసారి నిప్పులు కక్కి సుమారు 4,500 ఏళ్ళయింది. ఎత్తు 4,205 మీటర్లు. దారిలో 2,800 మీటర్ల దగ్గర ఒక మజిలీ ఉంది. అక్కడ కనీసం అరగంట ఆగి, ఒంటిని పలుచని గాలికి అలవాటు చేసుకొని, ఆ తరువాతే పైకి కదలాలి. శిఖరం మీద మనం పీల్చే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే దాదాపు నలభై శాతం తక్కువ. పది అడుగులు వేసి ఆగడం, మళ్ళీ పది అడుగులు. అల్లుడు నా భుజం మీది కెమెరా సంచీ అడగకుండానే తీసుకున్నాడు.

చెట్టూ చేమా లేని ఎర్రటి బూడిద గుట్టలు. వాటి మీద తెల్లని గోపురాలు. జంటగా నిలిచినవి కెక్ దూరదర్శినులు. ఒక్కొక్కదాని అద్దం పది మీటర్లు, 36 షట్కోణపు ముక్కలను కూర్చి చేసినది. వాటి పక్కన స్థూపంలాంటి కట్టడం జపాను వారి సుబారు. దిగువన మేఘాలు పాలసముద్రంలా పరుచుకున్నాయి. ఆ మేఘాలు తేమనూ దుమ్మునూ కిందనే పట్టి ఉంచుతాయి కనుకనే పైన ఆకాశం అంత నిర్మలం. పొద్దు వాలుతుంటే పర్వతం నీడ తూర్పున త్రికోణాకారంలో సాగి మబ్బుల మీద పడింది. వేళ్ళు కొయ్యబారుతున్నా ఆ నీడను పట్టుకున్నాను. అంతలో ఒక గోపురం తెరుచుకోవడం మొదలైంది.

ఆ గోపురాల మీద పాలపుంత ఉన్న బొమ్మ ఏదని మీరు అడగవచ్చు. నా దగ్గర లేదు. సూర్యాస్తమయమైన అరగంటకల్లా సందర్శకులు శిఖరం దిగిపోవాలి. అట్టి చిత్రాలన్నీ అక్కడ రాత్రి ఉండే అనుమతి గలవారివి.

మరొక మాట. ఆ కొండ స్థానికులకు పవిత్రం, మంచు దేవత పోలియాహు నివాసం. ముప్పై మీటర్ల దూరదర్శిని అక్కడ కట్టవద్దని 2019 జూలైలో ముసలివాళ్ళు దారికి అడ్డంగా కూర్చున్నారు. పోలీసులు వారిని అరెస్టు చేశారు. ఆ నిర్మాణంలో మన దేశానికీ భాగస్వామ్యం ఉంది. అసలు శిఖరం ఎక్కవద్దని అక్కడివారు కోరుతారు. నేను ఎక్కలేదు. గోపురాలను మాత్రం తనివితీరా బొమ్మలు తీసుకున్నాను. రెంటినీ ఎలా సమన్వయించుకోవాలో నాకు తెలియలేదు.

మజిలీకి దిగివచ్చి ముక్కాలిపీట నిలిపాము. ముందుగా ఉత్తరానికి తిరిగి ధ్రువుణ్ణి వెతికాను. ఎంత అక్షాంశమో ధ్రువుడు దిక్చక్రానికి అంత ఎత్తులో ఉంటాడు గదా! అక్కడ ఇంచుమించు ఇరవై డిగ్రీలు. నేను బడిపంతులుగా పనిచేసిన ఆదిలాబాదు జిల్లాలోనూ అంతే. భూగోళానికి అవతలి పక్క మా ఊరి ఆకాశమే. కాకపోతే మా ఊళ్ళో ఇప్పుడు వీధిదీపాల వెలుగులో అది కనబడదు. ఆ ద్వీపంలో దూరదర్శినుల కోసం దీపాలకు కట్టుబాటు ఉంది.

ఇక తూర్పున కృత్తికలు. కార్తికంలో పొద్దు గుంకే వేళకు అవి ఉదయిస్తాయి. హవాయి వారు వాటిని మకాలిఈ అంటారు. సాయంకాలం అవి తూర్పున పొడిచిన తరువాతే వారి మకాహికీ పండుగ కాలం మొదలు. జపానువారి సుబారు అన్నా కృత్తికలే. మూడు జాతులవారూ అదే గుత్తిని చూశారు. నా శుక్లాల కళ్ళకు మాత్రం విభూతి పామినట్టు ఒక మరక కనిపించింది.

ఇప్పుడు ఆ పని చెబుతాను. 1989లో ఎనిమిదవ తరగతిలో ‘షాణ్మాతురుడు’ అనే పదం వివరిస్తున్నాను. ఆరుగురు తల్లులు గలవాడు, కుమారస్వామి. ఆ తల్లులు ఆరు కృత్తికలు. వెనుక వరుసలో ఒక కుర్రవాడు లేచాడు. “సార్, రాత్రి చేన్ల కావలికి పోయి లెక్కబెట్టిన. ఏడున్నయి.” శాస్త్రం ఆరు అంటుంటే నీ లెక్కేమిట్రా అని బెంచీ ఎక్కించాను. పిల్లలు వాడికి ‘ఏడుచుక్కలోడు’ అని పేరు పెట్టారు. నేను వారించలేదు. సంక్రాంతి సెలవుల తరువాత వాడు బడికి రాలేదు. పత్తి ఏరడానికి పోతున్నాడన్నారు. నా మూలంగానే మానాడని అనలేను. కాదని కూడా అనలేకపోతున్నాను.

తరువాత ఎన్నో ఏళ్ళకు తెలిసింది, తైత్తిరీయంలో కృత్తికలకు ఏడు పేర్లున్నాయని: అంబ, దుల, నితత్ని, అభ్రయంతి, మేఘయంతి, వర్షయంతి, చుపుణీక. పండిత శిక్షణ పొందిన నాకు పురాణం తెలుసు, వేదం తెలియదు. వాడికి రెండూ తెలియవు. చూశాడు, అంతే.

యాభై మిల్లీమీటర్ల కటకం బిగించి, ఆరు సెకన్లు కవాటం తెరిచి ఉంచాను. అంతకు మించితే భూభ్రమణం వల్ల చుక్కలు గీతలవుతాయి. కెమెరా వెనుక తెర మీద బొమ్మను పెద్దది చేశాను. ఆరు. ఏడు. ఎనిమిది. యాభై దాటాక లెక్క తప్పింది. ఆ వెలుగు అక్కణ్ణుంచి బయలుదేరి సుమారు 440 ఏళ్ళు. అప్పటికి తళ్ళికోట యుద్ధం జరిగి ఇరవై ఏళ్ళయి ఉంటుంది.

“ఏం చూస్తున్నారు నాన్నా, చలిగా లేదూ?” అంది అమ్మాయి.

“లెక్కపెడుతున్నానమ్మా” అన్నాను.

తిరిగి వచ్చాక ఆ బొమ్మను అచ్చు వేయించి, వెనుక ఏడు పేర్లూ రాసి, ఆ ఊరికి వెళ్ళాను. ఆ కుటుంబం వలస పోయి చాలా కాలమైందట. ఎక్కడికో చెప్పగలవారు దొరకలేదు. బొమ్మ నా అమరకోశంలో, ఆ పదం ఉన్న పుట దగ్గర ఉంది.