మళ్ళీ పరుగు మొదలెట్టాం

మేము నలుగురం ఒకే ఆఫీసులో గుమాస్తాలం, మహబౌలాలో ఒకే ఫ్లాట్ లో ఉంటాం. ఇంటర్ రోజుల్లో మాలో ఇద్దరు కానిస్టేబుల్ సెలక్షన్ కోసం తెల్లవారుజామున ఊరి రోడ్డు మీద పరుగెత్తిన వాళ్ళే. కువైట్ వచ్చాక కుర్చీ, కంప్యూటర్, టైమ్ షీట్లు. పోయిన చలికాలం కొన్నాళ్ళు పరుగెత్తి మే నెలలో ఆపేశాం. ఇక్కడి ఎండ సంగతి మీకు తెలియనిది కాదు. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుండి ఆగస్టు ఆఖరు దాకా పగలు 11 నుండి 4 వరకు ఎండలో పని చేయించకూడదని ప్రభుత్వ రూలే ఉంది.

నవంబరులో మళ్ళీ మొదలెట్టడానికి కారణం ఉంది. మాలో ఒకడికి ముప్పై ఆరేళ్ళకే బీపీ 150/100 వచ్చింది. ఇంటి దగ్గర అప్పు తీరలేదు, పాప చిన్నది. మందు వేసుకుంటూనే ముందు నడవమని, తర్వాత మెల్లగా పరుగెత్తమని డాక్టరు గారు చెప్పారు. ఒక్కడినే పంపితే వారంలో మానేస్తాడని మేమూ బయల్దేరాం.

వారానికి మూడు రోజులు. ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాలు నడక, ఇలా ఏడు సార్లు. పక్కవాడితో మాట్లాడలేకపోతే వేగం ఎక్కువైనట్టే లెక్క. అయినా మర్నాటికి తొడలు, పిక్కలు పట్టేశాయి. రెయిలింగ్ పట్టుకుని మెట్లు దిగాం. ఆరు నెలలు ఆగిన కాళ్ళకు ఇది మామూలే. రెండు కాళ్ళకూ ఒకేలా కండలో ఉండే ఈ నొప్పి రెండో రోజు పెరిగి, నాలుగైదు రోజుల్లో దానంతటదే పోతుంది.

మూడో వారంలో వచ్చింది వేరే నొప్పి. మాలో ఒకడికి కుడి కాలు ముందు ఎముక మీద ఒకే చోట. వేలితో నొక్కితే ఉలిక్కిపడేవాడు. రాత్రి పడుకున్నా తగ్గేది కాదు. "ఏం కాదులే అన్నా, ఓర్చుకుంటా" అన్నాడు. మేము వినలేదు, క్లినిక్ కు తీసుకెళ్ళాం. ఎముక మీద ఒత్తిడి పడింది, ఇలాగే పరుగెత్తితే చిట్లుతుంది, ఆరు వారాలు ఆగమన్నారు.

ఓర్చుకోవడం మనకు కొత్త కాదు. జ్వరమొచ్చినా, నడుము పట్టినా జీతం కోస్తారన్న భయంతో డ్యూటీకి పోతాం. ఏది ఓర్చుకోకూడదో మాత్రం మనకెవరూ చెప్పలేదు. ఒకే చోట పొడిచే నొప్పి, ఛాతీలో బరువు, కళ్ళు తిరగడం - వీటిని దాచకూడదు. పరుగులోనైనా, సైట్ మీదనైనా వెంటనే ఆగి పక్కవాడికి చెప్పాలి.

మీరు రోజంతా బరువులు మోసేవాళ్ళు. అలిసిన రోజు పరుగు జోలికే పోవద్దు. మనసైతే సెలవు రోజు పొద్దున్నే రండి. సేఫ్టీ షూ వద్దు, మెత్తటి బూట్లుంటే చాలు.

మా వాడి బీపీ ఇప్పుడు 134/86. మందు ఆపలేదు. కాలు నొప్పివాడు ఆరు వారాలూ మా నీళ్ళ సీసాలు పట్టుకుని నడిచాడు. పోయిన శుక్రవారం ఒక్క నిమిషం పరుగెత్తి, "నొప్పి లేదన్నా" అన్నాడు. రెండో నిమిషం మేమే ఒప్పుకోలేదు.