ఆకాశమునకు చెవియొగ్గుట

ఇంత విశాలమైన విశ్వమునందు, మనవలె ఆలోచించి మాటలాడగల జీవులు వేఱొకచోట నున్నారా యను ప్రశ్న క్రొత్తది కాదు. మన పురాణములు పదునాలుగు లోకములను, అందలి వాసులను వర్ణించియే యున్నవి. అయితే ఆ ప్రశ్నను పరీక్షకు దెచ్చి, విని తేల్చుకొందమను ప్రయత్నము మాత్రము ఇటీవలిది. నేను శాస్త్రజ్ఞురాలను గాను. వినోదార్థము ఈ విషయమును చాలకాలముగా చదువుచున్న గృహిణిని. నాకు తోచిన నాలుగు మాటలను మీకు విన్నవించుకొందును.

నక్షత్రముల నడుమ వార్త నంపుటకు రేడియో తరంగములు అనుకూలములనియు, అందును హైడ్రోజను సహజముగా వెలువరించు 21 సెంటీమీటర్ల తరంగమును ముందుగా వెదకవలెననియు 1959లో కొకోనీ, మారిసన్ అను నిరువురు పండితులు వ్రాసిరి. విశ్వమున హైడ్రోజనే మిక్కుటము. కావున ఏ లోకమందలి విద్వాంసులకైనను ఆ కొలత తెలిసియుండునని వారి యూహ. మఱుసటి సంవత్సరము, 1960లో, అమెరికాలోని గ్రీన్ బ్యాంకున ఫ్రాంక్ డ్రేక్ 26 మీటర్ల రేడియో దూరదర్శినిని రెండు నక్షత్రముల వైపు త్రిప్పి విని చూచెను. ఏ లోకమునుండియు పలుకు రాలేదు.

ఈ వెదకులాటకు నేరుగా చెందినది కాకున్నను, దీనికి గురుస్థానమున నుండదగిన కథ యొకటి కలదు. 1967లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున జోసెలిన్ బెల్ అను విద్యార్థిని, తన యంత్రము దినమునకు సుమారు 30 మీటర్ల కాగితముపై గీయు గీతలను తానే పరిశీలించుచుండెడిది. బియ్యమేరు నింతికి రాయి కంటబడునట్లు, ఏ కోవకును చెందని చిన్న గీత యామె కంటబడెను. శ్రద్ధగా చూడగా, అది 1.33 సెకండ్ల కొకమారు తప్పక వచ్చు సంకేతమని తెలిసెను. పరిహాసమునకు దానికి చిన్న పచ్చమనుష్యులని పేరిడిరి. కాని లోకమునకు చాటుటకు తొందరపడలేదు. యంత్రదోషమా, భూమిమీది చప్పుడా యని పరీక్షించిరి. డిసెంబరులో వేఱొక దిక్కున అట్టిదే మఱొకటి యామెకు దొరకెను. వేర్వేరు చోట్లనుండి ఇరువురు ఒకే తీరున మనలను పిలుచుట పొసగదు గదా! అవి అతివేగముగా తిరుగు పల్సారులను నక్షత్రములని తేలెను. 1974లో నోబెల్ బహుమానము ఆమె గురువైన హ్యూయిష్‌నకును, మార్టిన్ రైల్‌నకును దక్కెను, ఆమెకు దక్కలేదు. 2018లో తనకు లభించిన 30 లక్షల డాలర్ల పారితోషికమును మాత్రము ఆమె, భౌతికశాస్త్రమున అవకాశములు కొఱవడిన విద్యార్థుల కొఱకు ఇచ్చివేసెను.

1977 ఆగస్టు 15వ తేదీన అమెరికాలోని ఒహాయోలో 72 సెకండ్లపాటు ఒక బలమైన సంకేతము వినవచ్చెను. దానిని కాగితముపై చూచిన జెర్రీ ఎహ్మన్, ప్రక్కనే ఆశ్చర్యార్థకముగా ఒక్క మాట వ్రాసెను. ఎన్నిమారులు వెదకినను అది మఱల వినబడలేదు. అందుచేత శాస్త్రజ్ఞులు దానిని పరలోకవాసుల పిలుపని నిర్ణయింపలేదు. ఆశ యెంత యున్నను, సాక్ష్యము చాలనప్పుడు ఊరకుండుట సామాన్యమైన నిగ్రహమా?

1999లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు, ఆకాశమునుండి సేకరించిన సంకేతములను జల్లించుటకై ఇండ్లలోని కంప్యూటర్ల ఖాళీసమయమును కోరిరి. 2020 మార్చిలో పని పంచుట నిలుపునప్పటికి, లోకమంతట 50 లక్షలకు పైబడినవారు అందు చేరియుండిరి. నేనును చేరితిని. "నీ చుట్టములు దొరకిరా?" యని మా యింటివారు నవ్వుచుండెడివారు. దొరకలేదు. అయినను ఆ కాలము వ్యర్థమైనదని నే ననుకొనను. వెదకిన చోట లేదని తెలియుటయు తెలివియే.

మఱి ఇంతవరకు వినరాలేదు గనుక ఎవ్వరును లేరందమా? ఇప్పటివరకు వెదకినది సముద్రమున ఒక గ్లాసెడు నీటివంటిదని, జీవితమంతయు ఈ పనికే అర్పించిన జిల్ టార్టర్ అను విదుషి 2010లో పోల్చి చెప్పెను. గ్లాసులో చేప పడలేదని సముద్రమున చేపలే లేవనుట తగదు. అటులనే, ఉన్నవని ప్రమాణము చేయుటయు తగదు.

ఆకలి తీర్పని ఈ పని యేలయని కొందఱందురు. నే నిందు నేర్చినది, వినుటకును ఊహించుటకును గల భేదము. మన యిండ్లలో నుదయము సగము విన్నమాట, సాయంకాలమునకు నిండుకథయై ఒక యాడుబిడ్డ పేరును చెఱుపుట మన మెఱుగమా? విన్నంతయే చెప్పుట, తెలియనిచోట తెలియదనుట, మఱల విని నిశ్చయించుట: నక్షత్రముల విషయమున శాస్త్రజ్ఞులు పాటించు ఈ మర్యాదను పొరుగింటి విషయమున మనమును పాటింతుము గాక!