మూడు తరాల రొట్టెలు

బరువు తగ్గడం మీద రాయమని సంపాదకుడు పంపించారు. ముంబయి తెలుగువాళ్లు ఏం తింటున్నారో, ఏ జిమ్ముకు పోతున్నారో చూసి రమ్మన్నారు. కామాటిపురాలో గల్లీ తిరగ్గానే జొన్నరొట్టెలు కొడుతున్న చప్పుడు వినిపించింది. నా సమయమంతా దాదాపు ఆ చప్పుడు వచ్చిన ఖోలీ (ఒంటిగది ఇల్లు) గుమ్మం దగ్గరే గడిచిపోయింది.

రొట్టెలు కొడుతున్న అవ్వది నిజామాబాద్ వైపు ఊరు. పిండిలో కాగిన నీళ్లు పోసి, చెయ్యి పెట్టేంత వేడి తగ్గగానే అరచేతి మొదలుతో రుద్ది రుద్ది మెత్తన చేసింది. జొన్నకు గోధుమలా సాగే గుణం లేదు, కర్రతో ఒత్తితే అంచులు పగుల్తాయి. అందుకే తట్టాలి. కుడిచెయ్యి తడుతుంటే ఎడమచెయ్యి అంచు సర్దుతుంది. దెబ్బదెబ్బకూ రొట్టె పీట మీద కొంచెం తిరుగుతూ కొంచెం పెరుగుతుంది. పెంక మీద వేసి, పైన నీళ్లు అద్ది, తడి ఆరగానే తిప్పేసింది. అది పొంగేలోపు రెండో ముద్ద చేతిలోకి వచ్చేసింది. డెబ్భై దాటిన మనిషి భుజాలూ మణికట్లూ అంత పట్టుగా పనిచేస్తుంటే నాకు చూపు తిప్పుకోబుద్ధి కాలేదు.

"మా అత్త తట్టలు మోసేది బిడ్డా, కట్టుబడి కాడ. ఆమెకు నాలుగు రొట్టెలు. నేను బీడీలు చేసిన. కూసోని చేసుడే గద, అయినా మూడు తిన్న. గందుకే సుగరొచ్చింది. నా కోడలు సన్నబడాలని రెండే తింటది. మల్ల పొద్దూకి ఆకలైతె వడాపావ్ తెచ్చుకుంటది."

పోషకాహారం మీద నేను చదివిన వ్యాసాల్లో ఇంత సూటిగా చెప్పినవి తక్కువ. అవ్వ చెప్పిన తిండీ పనీ లెక్క వెనక ముంబయి తెలుగువాళ్ల చరిత్రే ఉంది. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో నిజాం ఇలాకా నుంచి వచ్చి ఈ నగరాన్ని కట్టిన కూలీలు కామాటీలు. వాళ్ల పేరే ఈ పేటకు మిగిలింది. ఆ తర్వాత పద్మశాలీలు నూలుమిల్లుల్లో చేరి వర్లీ, నాయిగావ్ చాళ్లలో స్థిరపడ్డారు. అక్కడి బీడీడీ చాళ్లలో ఒక్కో ఖోలీ 160 చదరపు అడుగులు ఉండేది. మరుగుదొడ్డి వరండా చివర, ఎక్కాల్సినవి మూడంతస్తుల మెట్లు. మగ్గాల మధ్య షిఫ్టంతా నిలబడి తిరిగేవారు, సన్నగానే ఉండేవారు. రెక్కాడితేనే డొక్కాడిన బతుకులవి. ఆ సన్నదనంలో ఆకలి కూడా ఉంది, క్షయ కూడా ఉంది. దాన్ని ఆరోగ్యమని నేను పొగడను. కానీ 1982 జనవరి 18న మొదలైన మిల్లు కార్మికుల సమ్మెలో రెండున్నర లక్షల మంది బయటికొచ్చారు, తర్వాత మిల్లులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కొడుకులు టాక్సీ సీట్లలో, కాపలా కుర్చీల్లో కూర్చున్నారు. పళ్లెంలో అన్నం మాత్రం తండ్రి తిన్నంతే ఉంది.

బెంగాల్ జనపనార మిల్లులో 213 మంది మగవాళ్లను పరిశీలించి పోషకాహార శాస్త్రవేత్త జాన్ మేయర్, ఆయన సహచరులు 1956లో ఇదే సంగతి రాశారు. పనిచేసేవాళ్లు పని పెరిగినకొద్దీ ఎక్కువ తిన్నారు, బరువు మాత్రం నిలకడగా ఉంది. రోజంతా కూర్చునే దుకాణదారులు మాత్రం ఒళ్లొంచి పనిచేసేవాళ్లంత తిన్నారు, బరువూ పెరిగారు. ఒంటికి కదలిక మరీ తగ్గితే ఆకలి తన లెక్క తప్పుతుందని వాళ్ల నిర్ధారణ. ఇది మన చాళ్లకు తెలియాల్సిన పరిశోధన, ఎవరూ చెప్పలేదు.

ఈలోగా అవ్వ మనవడు వచ్చాడు. పాతికేళ్లుండవు. "రోజూ గంటసేపు జిమ్ము కొడుతున్న అక్కా, పొట్ట తగ్గుతలేదు" అన్నాడు. వాళ్ల జిమ్ము గోడ మీద 30 రోజుల్లో 10 కిలోలు తగ్గిస్తామని రాసుందట. వేలు పోసి ప్రొటీన్ డబ్బా కొనమంటున్నారట. నాకు ఒళ్లు మండింది. కిలో ఒంటి కొవ్వులో దాదాపు 7,700 కేలరీలుంటాయి. పది కిలోల కొవ్వు నెలలో కరగాలంటే రోజూ 2,500కు పైగా కేలరీలు లోటు పడాలి, ఆ కుర్రాడు రోజుకు తినేదే బహుశా అంత ఉండదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ప్రొటీన్ పొడుల జోలికి పోవద్దని స్పష్టంగా చెప్పింది. ప్రొటీన్ అవ్వ రొట్టెలోనూ ఉంది: నూరు గ్రాముల జొన్నల్లో పది గ్రాముల మాంసకృత్తులు, పది గ్రాముల పీచు ఉన్నాయి. తెల్లబియ్యంలో పీచు మూడు గ్రాములు కూడా లేదు. కేలరీల్లో మాత్రం రెంటికీ పెద్ద తేడా లేదు, కాబట్టి జొన్నరొట్టె కదా అని అయిదు తినేస్తే కుదరదు. పక్కన గిన్నెడు పప్పు, ఆకుకూర ఉండాలి.

వ్యాయామం ఒక్కదాన్నే నమ్ముకున్నవాళ్లు ఎందుకు ఓడిపోతారో వడాపావ్ చెబుతుంది. అది దాదాపు 300 కేలరీలు. అరగంట చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది అందులో సగం. పోనీ తిండి ఒక్కటే తగ్గిస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. కండ పోయినవాళ్లు మళ్లీ తినడం మొదలుపెట్టగానే కొవ్వు తిరిగి చేరుతుంది. పళ్లెంలో కొంచెం తగ్గించి, కాళ్లకు కొంచెం పెంచి, వారానికి అరకిలో తగ్గితే చాలు. మనవాళ్లకు ప్రమాదం పొట్ట దగ్గరే మొదలవుతుంది. నడుము చుట్టుకొలత మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదు. ఆ కొలత తీయడానికి టేపు ఉంటే చాలు, అది కోడలి కుట్టుమిషను మీదే ఉంది.

ఆ కోడలు అంతసేపూ మిషను ఆపకుండా వింటోంది. చివరికి తలెత్తి అడిగింది: "వారానికి నూట యాభై నిమిషాలు నడువుమని దవాఖానల చెప్పిన్రు. ఎక్కడ నడువాలె అక్కా? ఈ గల్లీల పొద్దూకినంక ఆడది ఊకె నడిస్తే చూసెటోళ్లు ఏమనుకుంటరు?"

కామాటిపురా అనగానే దేశానికి గుర్తొచ్చేది వేశ్యావాటికే. ఆ చూపుల బరువు ఇక్కడి ప్రతి ఇల్లాలి మీదా పడుతోంది. తెల్లవారుజామున, నల్లా రాకముందు, నలుగురు ఆడవాళ్లు కలిసి నాగ్‌పాడా దాకా పోయి వస్తున్నారని తర్వాత తెలిసింది. సాయంత్రం ఆకలికి అవ్వ శనగ గుగ్గిళ్లు ఉడికిస్తానంది. మనవడు దండాలు, బైఠకులు తీయడానికి ఆరడుగుల చోటు చాలు, ప్రొటీన్ డబ్బాతో పనిలేదు.

అయితే ఇదంతా వాళ్ల నెత్తినే వదిలేయడం అన్యాయం. ఈ పేట పునర్నిర్మాణం బాధ్యత రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మ్హాడా చేతిలో ఉంది. టవర్ల నమూనాల్లో కార్లు నిలపడానికి చోటు గీసేవాళ్లు, ఆడవాళ్లు రాత్రి తొమ్మిదింటికి కూడా భయం లేకుండా నడిచే దీపాల బాట ఒకటి గీయాలి. మునిసిపల్ దవాఖానాలో సుగరు మాత్రలిచ్చే కిటికీ పక్కన ఏం తినాలో తెలుగులో చెప్పే మనిషిని కూర్చోబెట్టాలి. నగరాన్ని మోసినవాళ్ల మనవలు అడుగుతున్నది ఇంతే.