బ్రిస్టల్ వీధుల్లో జమాఖర్చులు

బ్రిస్టల్ పాత రేవు సముద్రం ఒడ్డున ఉండదు. ఏవన్ నది వెంట కొన్ని మైళ్ళు లోపలికి, ఊరి నడిబొడ్డున ఉంటుంది. పెద్ద పోటు రోజుల్లో ఈ నది ముఖద్వారం దగ్గర నీళ్ళు 12 మీటర్లకు పైగా లేస్తాయి. పోటుతో పాటు ఓడలు ఊళ్ళోకి వచ్చేవి. ఆటు మొదలయ్యాక నీళ్ళు వెనక్కి తీసేవి, ఓడలు బురదలో కూలబడేవి. 1809లో విలియం జెస్సప్ అనే ఇంజనీరు నదికి పక్కగా కొత్త కాలువ తవ్వించి, పాత పాయకు లాకులు బిగించి, రేవులో నీటిమట్టం ఎప్పుడూ నిలకడగా ఉండేట్టు చేశాడు. నేను నడిచిన వీధులన్నీ ఆ నిలవ నీటికి అటూ ఇటూ ఉన్నవే.

టెంపుల్ మీడ్స్ స్టేషన్‌లో దిగి ముందుగా సెయింట్ మేరీ రెడ్‌క్లిఫ్ చర్చికి వెళ్ళాను. రేవుకెదురుగా గట్టు మీద కట్టిన చర్చి ఇది. లోపల అడుగుపెట్టి తలెత్తితే చూపు దిగిరాదు. పైకప్పులో రాతి బద్దీలు ఒకదాన్నొకటి దాటే ప్రతి చోటా చెక్కిన గుబ్బ, దాని మీద బంగారు పూత. అలాంటివి వెయ్యికి పైగా ఉన్నాయి. ఈ పనికి డబ్బు పెట్టినవాళ్ళలో విలియం కానింజెస్ ముఖ్యుడు. 15వ శతాబ్దపు ఓడల యజమాని, ఈ ఊరికి ఐదుసార్లు మేయరు. భార్య పోయాక వ్యాపారం వదిలి మతగురువుగా మారాడు. అందుకే చర్చిలో ఆయన ప్రతిమలు రెండున్నాయి. ఒకదాంట్లో భార్య పక్కన షావుకారు దుస్తుల్లో, రెండోదాంట్లో ఒంటరిగా గురువు దుస్తుల్లో పడుకుని ఉంటాడు.

బయట ఆవరణలో గడ్డిలో ఒక ఇనుప పట్టా ఏటవాలుగా దిగబడి ఉంది. 1941 ఏప్రిల్ 11, గుడ్‌ఫ్రైడే నాటి రాత్రి జర్మన్ బాంబు పక్క వీధిలో పడి, ట్రామ్ పట్టాను ఇళ్ళ మీదుగా ఎగరేసి ఇక్కడ గుచ్చింది. తుప్పు పట్టిన ఆ ముక్కను తీయకుండా అలాగే ఉంచారు. దాని పక్కన నిలబడి శిఖరం వైపు చూస్తే, చర్చి ఎంత తృటిలో బతికిపోయిందో తెలుస్తుంది. నది అవతలి పాత బజారుకు ఆ అదృష్టం లేదు. 1940 నవంబరు 24 రాత్రి అది కాలిపోయింది. ఇప్పుడక్కడ పార్కు ఉంది, మధ్యలో పైకప్పు లేని సెయింట్ పీటర్స్ చర్చి గోడలు నిలిచున్నాయి.

పార్కు దాటి కార్న్ స్ట్రీట్‌లోకి వస్తే ఊరి పెట్టె తెరుచుకుంటుంది. ఎక్స్ఛేంజ్ భవనం ముందు కాలిబాట మీద నాలుగు కంచు బల్లలున్నాయి. ఒంటికాలి మీద నిలబెట్టిన తాంబాళంలా ఉంటుంది ఒక్కొక్కటి. అంచు కాస్త పైకి లేపి ఉంటుంది, లెక్కపెట్టే నాణేలు దొర్లి కింద పడకుండా. వీటిని ‘నెయిల్స్’ అంటారు. బేరం కుదిరాక డబ్బు ఇక్కడే చేతులు మారేది. మూడింటి మీద 1594, 1625, 1631 అని తేదీలున్నాయి. ఒకదాని అంచు మీద వేలు పెట్టి చుట్టూ తిప్పాను. అక్షరాలు కొన్నిచోట్ల అరిగి నున్నబడ్డాయి.

ఆ బల్లల వెనక భవనాన్ని 1741–43లో జాన్ వుడ్ కట్టాడు, పక్క ఊరు బాత్‌ను తీర్చిదిద్దిన వాస్తుశిల్పే. పైన గడియారంలో నిమిషాల ముళ్ళు రెండు. ఒకటి గ్రీనిచ్ టైము, రెండోది బ్రిస్టల్ సొంత టైము, సుమారు పది నిమిషాలు వెనక. లండన్ కంటే పడమర ఉన్న ఊరు కనుక ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం అంత ఆలస్యం. రైళ్ళు వచ్చాక దేశమంతటికీ ఒకే టైము అవసరమైనా, ఈ ఊరు 1852 దాకా తన టైమును వదల్లేదు. అదే గోడ మీద స్తంభాల తలల మధ్య ఆసియా, ఆఫ్రికా, అమెరికాలను సూచించే ముఖాలు, జంతువులు, పళ్ళూ పూలూ చెక్కారు. తమ సరుకు ఏయే దిక్కుల నుంచి వస్తుందో షావుకార్లు రాతిలో రాయించుకున్నారు.

ఆ ఆఫ్రికా ముఖం ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. 1698 నుంచి 1807 దాకా రెండు వేలకు పైగా ఓడలు ఈ రేవు నుంచి ఆఫ్రికా తీరానికి వెళ్ళాయి, అక్కడ మనుషులను కొని వెస్టిండీస్‌కు, అమెరికాకు చేరవేయడానికి. బానిసలుగా అలా తరలించినవాళ్ళు ఐదు లక్షల దాకా ఉంటారని చరిత్రకారుల అంచనా. ఆ మనుషులకు బదులు ఇచ్చిన సరుకుల్లో ఈ చుట్టుపక్కల పోతపోసిన ఇత్తడి సామాను ఉంది, తుపాకులున్నాయి, మన దేశపు నూలు బట్టలున్నాయి. ఆ వ్యాపారంలోకి వెళ్ళిన బట్టల్లో మన కోరమాండల్ తీరపు నేత కూడా కలిసి ఉంది. మగ్గం మీద కూర్చున్న మనిషికి తన గుడ్డ ఎక్కడ దేనికి మారకమవుతుందో తెలిసే దారే లేదు. తెలిసినవాళ్ళు ఈ భవనంలో కూర్చుని లెక్కలు రాసుకున్నారు.

బ్రాడ్ స్ట్రీట్ చివర పాత కోటగోడ ద్వారం ఒక్కటి మిగిలింది. దాని నెత్తినే సెయింట్ జాన్ చర్చి ఉంది, దారి దాని కిందుగా పోతుంది. కాస్త ఇవతల 1900 నాటి ఎవరార్డ్ ముద్రణాలయం గోడ. డబ్ల్యు. జె. నీట్బీ రూపుదిద్దిన రంగు పలకలతో ఒక పక్క గూటెన్‌బర్గ్, మరో పక్క విలియం మోరిస్ తమ తమ అచ్చుయంత్రాల దగ్గర పనిలో ఉంటారు. వీధంతా బూడిదరంగు రాయి, ఈ ఒక్క గోడ మాత్రం పచ్చగా నీలంగా మెరుస్తుంది. అచ్చు అక్షరం మీద ప్రేమ ఉన్నవాళ్ళెవరూ దీన్ని చూడకుండా వెళ్ళకూడదు.

కింగ్ స్ట్రీట్‌లో 1766 నాటి థియేటర్ ఇంకా నాటకాలాడుతోంది. దాన్ని దాటి, క్వీన్ స్క్వేర్ చెట్ల మధ్యగా నడిచి రేవు మీది పెరోస్ బ్రిడ్జ్ చేరాను. రెండు పెద్ద కొమ్ముబూరల ఆకారాలున్న కాలివంతెన ఇది. పడవ వచ్చినప్పుడు మధ్య భాగం పైకి లేవడానికి ఆ కొమ్ములే ఎదురుబరువు. దీన్ని 1999లో ప్రారంభించి పెరో అనే బానిస పేరు పెట్టారు. నెవిస్ దీవిలో చెరకు తోటలున్న జాన్ పిన్నీ, పన్నెండేళ్ళ పెరోను 1765లో ఇద్దరు చెల్లెళ్ళతో సహా కొన్నాడు. తరవాత తనతో బ్రిస్టల్ తీసుకొచ్చి ఇంటి పనికి పెట్టుకున్నాడు. పెరో 1798లో చనిపోయాడు. 2020 జూన్ 7న జనం ఎడ్వర్డ్ కోల్‌స్టన్ విగ్రహాన్ని పడగొట్టి, ఈడ్చుకొచ్చి నీళ్ళలో తోసింది ఈ వంతెన పక్కనే. బానిసల కంపెనీలో పెద్ద హోదాలో ఉన్న ఆ వర్తకుడికి ఊరు 1895లో నిలబెట్టిన విగ్రహం అది. ఇప్పుడు ఎం షెడ్ మ్యూజియంలో, ఆనాటి రంగు మరకలతోనే పడుకోబెట్టి చూపిస్తున్నారు.

పిన్నీ ఇల్లు గ్రేట్ జార్జ్ స్ట్రీట్‌లో మ్యూజియంగా ఉంది. పై అంతస్తుల్లో కొలత తప్పని కిటికీలు, మహాగని సామాను, ఎండ నిండిన గదులు. నేలమాళిగలో వంటిల్లు, బట్టలుతికే చోటు, యజమాని చన్నీటి స్నానానికి తవ్వించుకున్న రాతి తొట్టి. మెట్లు దిగుతుంటే ఆ నీళ్ళు మోసిందెవరన్న ప్రశ్న తప్పలేదు.

అక్కడి నుంచి కొండ దిగితే కాలేజ్ గ్రీన్. కేథడ్రల్‌కు దగ్గర్లో రామమోహన్ రాయ్ విగ్రహం ఉంది. 1829 నాటి సతీ నిషేధాన్ని రద్దు చేయించాలని సనాతనులు లండన్‌కు చేసుకున్న అప్పీలును అడ్డుకోవడం, ఆయన ఇంగ్లండ్ రావడానికి ఒక కారణం. 1832లో ఆ అప్పీలు వీగిపోయింది. 1833 సెప్టెంబరు 27న బ్రిస్టల్‌లోనే కన్నుమూశాడు. అంతకు దాదాపు నెల ముందు బానిసత్వ నిర్మూలన చట్టానికి రాజముద్ర పడింది. ఆ చట్టం రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది యజమానులకు, బానిసలకు కాదు. ఆర్నోస్ వేల్ శ్మశానంలో రాయ్ సమాధి మీద విలియం ప్రిన్సెప్ రూపొందించిన రాతి ఛత్రి ఉంది. వీరేశలింగం పంతులు, రఘుపతి వెంకటరత్నం నాయుడు మనకు అందించిన సంస్కరణకు మూలపురుషుల్లో ఒకడైన ఆ మనిషికి అక్కడ నమస్కరించుకున్నాను.

పిల్లలు చదువుకుంటున్నారని మనవాళ్ళు ఇప్పుడు ఇంగ్లండ్ తరచుగా వెళుతున్నారు. లండన్ చూసి తిరిగొచ్చేస్తున్నారు. ఒక రోజు బ్రిస్టల్‌కు ఇవ్వండి, కాళ్ళ మీదే తిరగండి. అక్కడి రాతిపని గొప్పది, మనసారా మెచ్చుకోండి. ఏ భవనం ముందు నిలబడినా కట్టినవాడి పేరుతో పాటు సొమ్ము ఎక్కడిదో కూడా అడగండి. ఆ ప్రశ్న ఇవాళ బ్రిస్టల్ తనను తానే వేసుకుంటోంది. జవాబులో మన తీరపు బట్టా ఉంది కనుక, అడిగే హక్కూ వినే బాధ్యతా మనకూ ఉన్నాయి.