అక్క సైకిల్ మీద ఘాట్ దిగాం



కొంచెం పెద్ద పోస్టు. తీరిక ఉన్నప్పుడే చదవండి.

మేము ముగ్గురం రంపచోడవరంలో ఒకే హాస్టల్లో ఒకే గదిలో ఉంటాం. డిగ్రీ రెండో సంవత్సరం. ఇద్దరం కోయ, ఒకడు కొండరెడ్డి. మూడు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఈ సంక్రాంతి సెలవులకి బస్సెక్కకుండా సైకిళ్ల మీద ఇంటికి పోయాం. రంపచోడవరం నుంచి మారేడుమిల్లి, అక్కడి నుంచి ఘాట్ దాటి చింతూరు, చింతూరు నుంచి శబరి వెంట కూనవరం వైపు. ఆ దారి గురించే ఈ పోస్టు.

సైకిల్ ఎందుకురా అని అందరూ అడిగారు. డబ్బులు మిగులుతాయని ఇంట్లో చెప్పాం. అసలు కారణం వేరే. ఇంటర్ నుంచి ఇదే దారిలో వస్తా పోతా ఉన్నాం గానీ ఘాట్‌ని ఒక్కసారి కూడా సరిగ్గా చూడలేదు. పండగ బస్సులో నిలబడడానికే చోటుండదు. సీటు దొరికినా వాంతి వస్తుందని కళ్లు మూసుకుని కూర్చుంటాం. మా క్లాసులో మైదానం నుంచి వచ్చిన ఒకతను "మీ ఊరికి దారిలో ఏమేం వస్తాయి?" అని అడిగాడు. మారేడుమిల్లి, చింతూరు అని రెండు పేర్లు చెప్పి ఆగిపోయాం. ఆ రెంటి మధ్య చాలా దూరం ఉంది. అందులో మనవాళ్ల ఊళ్లున్నాయి, వాగులున్నాయి. ఒక్క పేరూ నోటికి రాలేదు. సిగ్గేసింది.

మూడు సైకిళ్లు దొరికాయి. ఒకటి వేసవిలో కూలికి పోయి దాచిన డబ్బుతో కొన్న పాతది. ఇంకొకటి హాస్టల్ వంటాయన ఇచ్చాడు, "చెయిన్ ఊడతా ఉంటది, చూసుకోండి బాబూ" అని. మూడోది మా అక్కది. తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు బడి ఆడపిల్లలకు గవర్నమెంటు ఇచ్చిన సైకిల్. గేర్లు లేవు, ముందు బుట్ట ఉంది. అక్క పది పాసైంది, మా కంటే మంచి మార్కులతో. కాలేజీ దూరం, హాస్టల్లో సీటు రాలేదు, అదే ఏడు అమ్మకి ఒంట్లో బాగాలేదు. చదువు ఆగిపోయింది. సైకిల్ మాకొచ్చింది. ఇన్నాళ్లూ ఈ రెండు మాటలూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు మేము.

మొదటి రోజు మారేడుమిల్లి దాకా సుమారు 30 కిలోమీటర్లు. కొండల పాదాల వెంట పోయే రోడ్డు. నిట్టనిలువుగా ఎక్కదు, కొంచెం ఎక్కుతా కొంచెం దిగుతా పోతది. తెలియకుండానే తొడలు పట్టేస్తాయి. జనవరి కదా, దారి పొడవునా కొండచీపుర్ల కట్టలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్లు కనిపించారు. మారేడుమిల్లిలో బొంగులో చికెన్ కోసం కార్లు బారులు తీరి ఉన్నాయి. మేము ఆగలేదు. ఆ రాత్రి మాలో కొండరెడ్డి వాడి ఇంట్లో పడుకున్నాం. వాళ్ల తాత జీలుగు కల్లు ఇవ్వబోతే, తెల్లారి ఘాట్ ఉందని వద్దన్నాం. నమ్మేవాళ్లు నమ్మండి.

తెల్లారి మారేడుమిల్లిలో టీ కొట్టు దగ్గర ఐదుగురు సైక్లిస్టులు కలిశారు. రాజమండ్రి నుంచి వచ్చారట. హెల్మెట్లు, గ్లౌజులు, సన్నటి టైర్లు. మా సైకిళ్లు చూసి నవ్వుతారేమో అని దూరంగా నిలబడ్డాం. వాళ్లలో పెద్దాయన దగ్గరికొచ్చి బ్రేకు రబ్బర్లు చూశాడు. "తమ్ముడూ, ఇవి అరిగిపోయాయి. వీటితో ఘాట్ దిగొద్దు" అని తన సంచిలోంచి ఒక జత తీసి అక్కడే బిగించాడు. "దిగేటప్పుడు బ్రేకు పట్టుకునే ఉండకండి, రిమ్ము కాలిపోతది. పట్టి వదలాలి, పట్టి వదలాలి. మధ్యలో ఆగి చల్లారనివ్వాలి" అన్నాడు.

తర్వాత ఫోన్‌లో వాళ్ల రూటు చూపించాడు. ఎన్ని కిలోమీటర్లు, ఎంత ఎత్తు ఎక్కుతాం అన్నీ ఉన్నాయి. రోడ్డు ఒక నీలం గీత. "మీ ఊరెక్కడ?" అని అడిగాడు. వేలితో జరుపుకుంటూ పోయాం. శబరి కనిపించింది. మా ఊరు ఉండాల్సిన చోట ఉత్త ఆకుపచ్చ రంగు ఉంది. "పేరు చెప్పు, ఎక్కిద్దాం" అన్నాడు. ఊరి పేరు చెప్పాం. "ఊరి ముందు వాగు ఉంది కదా, దాని పేరు?" అన్నాడు. మళ్లీ నోరు మూతపడింది. మేము దాన్ని వాగు అనే అంటాం. అంతే.

ఘాట్ గురించి ఏం చెప్పాలి. జలతరంగిణి, అమృతధార జలపాతాల పేర్లు మీరూ వినే ఉంటారు. బస్సులో వినపడనివి సైకిల్ మీద వినపడతాయి. నీళ్ల చప్పుడు వంపుకి ముందే వస్తది. వెదురు రాసుకుంటే తలుపు కిర్రుమన్నట్టు ఉంటది. ఎక్కుడు వచ్చినచోట దిగి నడిపించాం, దిగుడులో పది నిమిషాలకొకసారి ఆగాం. అక్క సైకిల్ బుట్టలో బట్టల మూట, అన్నం డబ్బా, పంపు.

సోకులేరు వాగు దగ్గర గోడ మీద కూర్చుని అన్నం తిన్నాం. ఈ రోడ్లు ఎవరు వేశారు అనే మాట వచ్చింది. మాలో హిస్టరీ వాడు చెప్పాడు. గూడెం వైపు ఘాట్ రోడ్డు పనికి డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మనవాళ్లని బలవంతాన తీసుకుపోయి, కూలి సరిగ్గా ఇవ్వలేదు. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీస్‌స్టేషన్ మీద పడడానికి వెనకున్న కోపాల్లో ఆ రోడ్డు కూలీ కూడా ఒకటి. 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో ఆ కొండలన్నీ కాలినడకన తిరిగారు. మేము సైకిల్ ఉండి కూడా ఆయాసపడుతున్నాం అని నవ్వుకున్నాం. కొంచెంసేపటికి నవ్వు ఆగిపోయింది. రోడ్డు వేసిన చేతులు మనవి. ఆ రోడ్డు మీద మన ఊళ్ల పేర్లు మనకే తెలీవు.

తులసిపాక దాటి చింతూరు చేరేసరికి పొద్దు వాలింది. చుట్టాలింట్లో పడుకుని, మూడో రోజు శబరి వెంట పోయాం. ఈ రోడ్డు చదును. తొక్కడం సుఖం, చూడడం కష్టం. ఒడిశాలో కొలాబ్ అనే నదే ఇక్కడ శబరి. పైన సీలేరుని కలుపుకుని వచ్చి, కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తది. గోదావరి పొంగితే శబరికి పోయే దారి ఉండదు, వెనక్కి తన్నుతది. 2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు. 1986లో వచ్చిన 75.6 తర్వాత అంత నీళ్లు అప్పుడే. మా ఊరంతా గుట్ట మీద టార్పాలిన్ల కింద ఉన్నాం. నాన్న మొదట బియ్యం మోశాడు, తర్వాత మేకల్ని, ఆఖర్న సైకిల్‌ని. నానమ్మ తిట్టింది, "మనుషులకే చోటు లేదు, దానికెందుకురా?" అని. దారిలో కొన్ని గోడల మీద ఆ నీటి గీత ఇంకా ఉంది. సైకిల్ మీద కూర్చుంటే గీత తలకంటే పైన ఉంటది.

ఆ గీత వరద గీత, వచ్చి పోయింది. ఇంకో గీత ఉంది, అది పోయేది కాదు. పోలవరం పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు. మొదటి దశ 41.15 అంటున్నారు. ఎవరి ఇల్లు ఏ కాంటూరులో ఉందో ఇప్పుడు మా ఊళ్లో బడికి పోని ముసలమ్మ కూడా చెబుతది. 2014లో మా మండలాల్ని ఖమ్మం నుంచి తీసి ఆంధ్రలో కలిపింది కూడా ఆ ప్రాజెక్టు కోసమే. మేము అప్పుడు చిన్నపిల్లలం, పుస్తకం మీద జిల్లా పేరు కొట్టేసి ఇంకోటి రాసుకున్నాం. ఇళ్లకి లెక్క కడుతున్నారు, చెట్లకి లెక్క కడుతున్నారు. వాగు పేరుకి ఎవరూ లెక్క కట్టరు. నీళ్లొచ్చాక ఏ ఫోన్‌లోనూ ఈ రోడ్డు గీత ఉండదు. అప్పుడు మన పిల్లలు మీ ఊరికి దారేది అని అడిగితే, నీళ్ల వైపు చెయ్యి చూపిస్తామా?

ఇంటికెళ్లాక అక్కని అడిగాం, ఊరి ముందు వాగు పేరేంటని. "ఎద్దు జారిన వాగు. తెలీదా?" అంది. తెల్లారి సైకిల్ తీసింది. ఎన్నేళ్లకో ఎక్కింది, రెండుసార్లు తూలి నిలబడింది. మేము నోట్‌బుక్ పట్టుకుని వెనకాల పోయాం. ఇది ఫలానా రాయి, ఇది ఫలానా మలుపు, ఇక్కడ విత్తనాల పండగకి దిగుతారు అని చెప్పుకుంటూ పోయింది. బడికి రోజూ తొక్కిన దారి కదా. మా నోట్‌బుక్‌లో ఇప్పుడు 63 పేర్లున్నాయి. సగానికి పైగా అక్క చెప్పినవే. తిరిగొచ్చి సైకిల్ స్టాండు వేస్తూ, మా మొహం చూడకుండా అడిగింది, "ఓపెన్ ఇంటర్‌కి ఫీజు ఎప్పటిదాకా కట్టొచ్చు?"

ఎవరైనా ఈ దారిలో పోవాలనుకుంటే మాకు తెలిసినవి చెబుతాం. నవంబర్ నుంచి ఫిబ్రవరి మంచిది. వానాకాలంలో వద్దు, శబరి రోడ్డు మునుగుతది. ఘాట్ ఒక్క పగట్లో దాటేలా పొద్దున్నే బయల్దేరండి, కానీ మంచు విడిచాకే. చీకట్లో వద్దు. వంపుల్లో లారీలకి మీరు కనపడరు, బెల్లు కొడుతూ ఎడమ పక్కనే ఉండండి. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, ఇంట్లో ముందే చెప్పండి. పంపు, ప్యాచ్, సొల్యూషన్, కొత్త బ్రేకు రబ్బర్లు. ఒక నోట్‌బుక్.

నోట్‌బుక్ మర్చిపోవద్దు. పాడేరు వాళ్లు, అరకు వాళ్లు, ఉట్నూరు వాళ్లు ఈ గ్రూపులో చాలామంది ఉన్నారు. మీ హాస్టల్ నుంచి మీ ఇంటిదాకా ఉన్న దారి పేర్లు రాయండి. సైకిల్ లేకపోతే నడిచి రాయండి, నడవలేకపోతే నానమ్మ పక్కన కూర్చుని రాయండి.

తిరిగి వచ్చేటప్పుడు రెండు సైకిళ్లే వచ్చాయి. మూడోది ఇంటి దగ్గరే ఉంది, దాని మనిషి దగ్గర. మాలో ఒకడు బస్సెక్కాడు. ఈసారి కళ్లు మూసుకోలేదంట. ఒకసారి వాంతి మాత్రం అయిందంట.

జోహార్.