ఇరవై అయిదో నిమిషం

"మొదట్లో బానే ఉంటది మేస్త్రీ. ఓ పాతిక నిమిషాలయ్యాక ఊపిరాడనట్టు అయిపోయి ఆగిపోద్ది. పది నిమిషాలు అట్టా వదిలేసి సెల్ఫ్ కొడితే ఏమీ ఎరగనట్టు లేస్తది."

కొల్లిపర అవతల లంకలో అరటితోట రైతు ఫోనులో చెప్పిన మాట ఇది. బండి 24 హార్స్‌పవర్‌ది, నాలుగడుగుల వెడల్పు లోపే ఉంటుంది. అరటి సాళ్ళ మధ్య తిరగాలంటే ఆ చిన్న బండ్లే దిక్కు. అప్పటికే రెండుసార్లు ఫిల్టర్లు మార్చారు, ఫీడ్ పంపు కొత్తది వేశారు. పంపు, నాజిల్స్ ఊడదీసి టౌనుకు పంపి క్యాలిబ్రేషన్ చేయించారు. అన్నీ అయ్యాక కూడా బండి పాతిక నిమిషాలకే ఆగుతోంది. ఇంతమంది చేతులు పడ్డా ఎన్ని నిమిషాలకు ఆగుతోందని ఎవరూ అడగలేదట. నేను మొదట అడిగింది అదే. రెండోది, ఆగేటప్పుడు పొగ ఏ రంగులో వస్తోందని. "పొగే లేదు మేస్త్రీ, సౌండు పైకీ కిందకీ ఊగి ఊగి చచ్చిపోద్ది" అన్నాడు. ఆ మాటతో సగం పని అయిపోయినట్టే. నల్లపొగ కక్కుతూ బండి లాగలేకపోతుంటే చూడాల్సింది ఎయిర్ క్లీనరు, లేదా మోపిన లోడు. సెల్ఫ్ కొట్టినప్పుడు తెల్లపొగ వస్తుంటే డీజిల్ లోపలికి చేరుతోంది గానీ మండటం లేదు. పొగే లేకుండా గొంతు ఎండుకుపోయినట్టు ఆగితే ఇంజనుకు డీజిల్ అందటం లేదు.

దుగ్గిరాల రోడ్డు మీద షెడ్డు పెట్టి 28 ఏళ్ళయింది. షెడ్డులో చేసే పనికంటే చేల గట్ల మీద చేసిందే ఎక్కువ. డీజిల్ జబ్బు బండి నిలబడి ఉంటే కనిపించదు. న్యూట్రల్‌లో ఊరికే నడిచే ఇంజనుకు దారమంత ధార చాలు. అదే రోటావేటర్ దించి లంక నేలలో లాగితే ఇలాంటి బండి గంటకు మూడు నాలుగు లీటర్లు తాగుతుంది. అప్పుడే దారిలో అడ్డం బయటపడుతుంది. ఈ బండిని చూసినవాళ్ళందరూ షెడ్డులో స్టార్టు చేసి, రేస్ చేసి, బాగుందని పంపేశారు. అందుకే నేను దాన్ని షెడ్డుకు తెమ్మనలేదు. మా కుర్రాణ్ణి వెనక ఎక్కించుకుని లంకకే వెళ్ళాను.

డీజిల్ నడిచే దారి మెకానిక్కులందరికీ నోటికొచ్చు. ట్యాంకు, నీళ్ళు అడుగున చేరే గాజు గిన్నె, ఫీడ్ పంపు, ఫిల్టరు, పెద్ద పంపు, హై ప్రెషర్ పైపులు, నాజిల్స్, మిగిలింది మళ్ళీ ట్యాంకుకు. అయినా వెతుకులాట మొదలుపెట్టే చోటే తప్పుతుంది. చేతులు ముందు పంపు మీదకే పోతాయి. అది ఖరీదైన వస్తువు, దాన్ని విప్పితే పని చేసినట్టు ఉంటుంది. నేనూ ఆ తప్పు చేశాను. పని నేర్చుకుని బయటికొచ్చిన కొత్తలో ఒక పసుపు రైతు బండికి గట్టు మీదే, గాలిదుమ్ములో పంపు విప్పాను. పంపు లోపల ప్లంజరుకీ దాని బ్యారెల్‌కీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు, అంటే మన తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. అక్కడ దుమ్ము రేణువు పడితే గీత పడుతుంది, గీత పడితే ప్రెషర్ పోతుంది. ఆ ప్లంజర్లు నేనే కొనిచ్చాను. ఆ బండికి అసలు జబ్బు ట్యాంకు మూతలో ఉంది. మూతకుండే గాలి బొక్క గ్రీజు, మట్టి పట్టి పూడుకుపోయింది. డీజిల్ తగ్గుతున్నా లోపలికి గాలి రాక ట్యాంకే డీజిల్‌ని వెనక్కి పట్టి ఉంచింది. సూది పెట్టి పొడిస్తే పోయే జబ్బుకు ఆ మనిషి చేలో పని మూడు రోజులు ఆగింది. ఆ రోజు నుంచీ నా చెయ్యి ముందు మూత మీదకే పోతుంది.

లంకలో బండి ఆగేదాకా నడిపించాను. వాచీ చూస్తున్నాను. 23 నిమిషాలకు సౌండు ఊగటం మొదలైంది, 26కి ఆగింది. ఆగీ ఆగగానే మూత తిప్పాను. గాలి బొక్క మూసుకుని ఉంటే మూత వదులుకాగానే బుస్సుమని లోపలికి గాలి పీల్చుకునే చప్పుడు వినిపిస్తుంది. ఇక్కడ చప్పుడు లేదు. మూత మంచిదే.

తర్వాత గాజు గిన్నె. నీళ్ళు లేవు, బురద లేదు. గాలి బుడగలు కూడా లేవు. బుడగలు ఉంటే పైపు జాయింట్లు, కాపర్ వాషర్లు చూడాలి. ట్యాంకు పంపుకన్నా దిగువన ఉండే బండ్లలో ఇది మెకానిక్కును బాగా తిప్పలు పెడుతుంది. పంపు పీల్చే వైపు పగులుంటే డీజిల్ బయటికి కారదు, గాలి లోపలికి పోతుంది. తడి కోసం వెతికేవాడికి అది ఎప్పటికీ దొరకదు. అలాంటప్పుడు నేను ఆ ముక్క పైపు తీసేసి గాజులా కనబడే ప్లాస్టిక్ పైపు వేసి చూస్తాను. బుడగలు పరుగెత్తటం కళ్ళకే కనబడుతుంది. ఈ బండికి ట్యాంకు బానెట్ కింద, ఎత్తులోనే ఉంది కాబట్టి ఆ అనుమానం తక్కువ.

ఫీడ్ పంపు దగ్గరికొచ్చే పైపు విప్పి శుభ్రమైన బకెట్లోకి వదిలాం. మొదట చిటికెన వేలంత ధార. రెండు లీటర్లు పడేసరికి అగ్గిపుల్లంత అయింది, ఆపైన దారంలా సాగింది. పైపు మడిచి పట్టుకుని ఐదు నిమిషాలు ఆగి వదిలితే మళ్ళీ చిటికెన వేలంత. ఇక పంపూ నాజిల్స్ జోలికి పోనక్కర్లేదు. డీజిల్ వాటిదాకా వస్తేగా! జబ్బు ట్యాంకు అడుగునే ఉంది.

ఇక్కడ చాలామంది చేసే పని పైపుకు గాలి కొట్టి వెనక్కి ఊదటం. లోపల గుడగుడమంటుంది, బండి నడుస్తుంది, డబ్బులు తీసుకుని వెళ్ళిపోవచ్చు. కానీ అడ్డం పడ్డది ట్యాంకులోనే ఉంటుంది. నాలుగు రోజులకో వారానికో మళ్ళీ డీజిల్ బయటికి పోయే నోటికి అడ్డం పడుతుంది. ఇది వైద్యం కాదు, రోగాన్ని పక్కింట్లో దాచటం. ఇరవై లీటర్ల పైన ఉన్న డీజిలంతా క్యాన్లలోకి దించి, ట్యాంకు ఊడదీసి, టార్చి వేసి చూశాం. బయటపడింది పాలిథిన్ కవరు ముక్క, అరచేతిలో సగం ఉంటుంది. పురుగుమందు పొడి ప్యాకెట్టుకు కత్తెరతో కోసిన మూల. రంగు కూడా పోలేదు. రైతు చూడగానే గుర్తుపట్టాడు.

పాలిథిన్ నీళ్ళలో తేలుతుంది, డీజిల్లో మునుగుతుంది. డీజిల్ నీళ్ళకంటే తేలిక, పాలిథిన్‌కంటే కూడా తేలిక. అందుకని ఆ ముక్క పైన తేలకుండా అడుగునే తిరుగుతూ, ధారతో పాటు మెల్లగా జరిగి నోటికి అతుక్కుంటుంది. ఇంజను ఆగాక లాగుడు ఉండదు, దానంతటదే ఊడి పక్కకు పోతుంది. పది నిమిషాల విశ్రాంతి రహస్యం అంతే.

"ట్యాంకు మూతి దగ్గర జాలి ఉండాలే బాబాయ్, ఏదీ?" అని అడిగాను.

"క్యాన్‌తో పోసేటప్పుడు పొంగి మీద పడతందని మావాడు తీసి చూరులో పెట్టాడయ్యా."

ఆ మాటకు నాకు కోపం రాలేదు, బాధేసింది. చేలో బండికి డీజిల్ క్యాన్లతోనే వస్తుంది. ఆ క్యాన్ నిన్న మందు కలిపిన నీళ్ళు మోసి ఉంటుంది, మూత లేకుండా వానలో తడిసి ఉంటుంది. నీళ్ళు డీజిల్ కంటే బరువు గనుక అడుగున చేరి పంపుకు ముందు అవే అందుతాయి, తుప్పు పట్టిస్తాయి. డీజిల్‌కే ఒక క్యాన్ వేరుగా ఉంచమనీ, జాలి ఉన్నా గరాటులో నున్నటి పాత పంచె గుడ్డ వేసి పొయ్యమనీ ప్రతి రైతుకూ చెబుతాను. పొద్దుపోయాక ట్యాంకు నింపి పెట్టమంటాను. ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి తేమ నీరవుతుంది. ఈ మాటలు చెప్పటానికి డబ్బులు తీసుకోను గానీ, నా పనిలో విలువైనవి ఇవేనని నమ్ముతాను.

ట్యాంకు కడిగి ఎక్కించాం. చూరులోంచి జాలి తెప్పించి పెట్టాం. గాలి తీసే పని కుర్రాడికిచ్చాను. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతుంటే ముందు నురగ, తర్వాత బుడగలు, చివరికి నిఖార్సయిన డీజిల్. అది కారుతుండగానే స్క్రూ బిగించాలి, కారటం ఆగాక బిగిస్తే గాలి మళ్ళీ లోపలే. తర్వాత పెద్ద పంపు స్క్రూ. ఆఖరున నాజిల్స్ దగ్గర నట్లు అరచుట్టు వదులు చేసి సెల్ఫ్ కొట్టాడు. వాడు తడి చూద్దామని వేలు ఆ పక్కకు పెట్టబోతే చెయ్యి లాగేశాను. అక్కడి ప్రెషర్ చర్మాన్ని చీల్చుకుని డీజిల్‌ని కండలోకి ఎక్కిస్తుంది. పైకి చీమ కుట్టినంత గాయమే ఉంటుంది, లోపల మాత్రం కండ కుళ్ళుతుంది, వెంటనే ఆపరేషన్ చేయకపోతే వేలు పోతుంది. చూడాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి. ఆ సంగతి వాడికి వందసార్లు చెప్పాను, ఇంకా చెబుతూనే ఉంటాను.

బండి లేచింది. రైతు జేబులో చెయ్యి పెట్టి ఎంత ఇమ్మంటావని అడిగాడు. తర్వాత చూద్దాం, ముందు రోటావేటర్ దించి దున్నమన్నాను. గట్టు మీద కూర్చుని వాచీ చూస్తున్నాను. పదిహేను నిమిషాలు. ఇరవై. 23వ నిమిషంలో మలుపు తిరుగుతూ ఆయన నా వైపు చూశాడు. 26కి మళ్ళీ చూశాడు. కుర్రాడు లేచి నిలబడ్డాడు. సౌండు ఊగలేదు. నలభై నిమిషాలయ్యాక ఆయన మా వైపు చూడటం మానేసి సాలు మీదే కళ్ళు పెట్టాడు. ఇంకో అరగంట కూర్చుని, స్పానర్లు తుడిచి సంచిలో సర్దుకున్నాను.